మేస్త్రి మాట దాటనివాళ్ళు

బెంగుళూరు కాడుగోడి చుట్టుపక్కల ఇళ్ళ కప్పులకు కాంక్రీటు పోసే మోల్డింగు పనికి ఎవరికి మనుషులు కావలసినా వెంకటరాయప్పకే కబురు పెట్టేవాళ్ళు. తొంభై మూడులో కదిరి దిక్కు నుంచి ఆరుగురిని వెంటబెట్టుకొని వచ్చిన మేస్త్రి ఆయన. ఆ ఆరుగురికీ సంగటి కెలికి పెట్టింది ఆయన భార్య పద్మావతి. ఒకడికి జ్వరమొస్తే ఆస్పత్రికి మేస్త్రే తీసుకుపోవాలి. ఇద్దరు కొట్టుకుంటే మేస్త్రే విడదీయాలి. పిల్లను చూడ్డానికి పోయినా ముందు మేస్త్రే నడవాలి. మేస్త్రి పెళ్ళామని కొళాయి దగ్గర ఆడవాళ్ళు పద్మావతికి దారిచ్చేవాళ్ళు.

రెండువేల మూడులో పనులు పడిపోయాయి. శశిధర్ అనే బ్రోకరు హొసకోటె దగ్గరి గోడౌనులో దుంగలు లారీకెత్తే పని చూపించాడు. అవి ఎర్రచందనం దుంగలని రెండో లోడుకే వెంకటరాయప్పకు అర్థమైంది. అయినా పోయాడు, ఆరుగురినీ తీసుకుపోయాడు. పోలీసులు వచ్చిన రోజు శశిధర్ అక్కడ లేడు. ఆ తర్వాతా దొరకలేదు.

కొన్ని నెలలు జైల్లో ఉండి ఏడుగురూ బెయిలు మీద బయటికొచ్చారు. ఉన్న జైలే శిక్షగా సరిపోవచ్చని లాయరు గీతాంజలి ఆశ పెట్టింది. ఆయన మళ్ళీ లోపలికి పోకుండా ఉంటే చాలు పద్మావతికి. "మీ ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పండి" అని గీతాంజలి ఆమెను బోనెక్కించింది.

చెప్పింది. అప్పుడు సర్కారు లాయరు బసవరాజు మెల్లగా లేచాడు.

"ఏమమ్మా, ఈ ఆరుగురూ నీ మొగుడి మాట వింటారా?"

పద్మావతి మెడ నిటారైంది. "వినకేం సామీ! ఆయన చెప్పందే ఒక్కడూ పార ఎత్తడు. కూర్చోమంటే కూర్చుంటారు, లెయ్యమంటే లేస్తారు."

"దుంగలెత్తమంటే?"

"ఎత్తుతారు. మేస్త్రి మాటకు ఎదురుండాదా?"

గీతాంజలి కళ్ళు మూసుకుంది. తను బాగా చెప్పినందుకేమో అనుకుంది పద్మావతి.

తీర్పు రోజున ఆరుగురికీ ఉన్న జైలే సరిపోయింది. వెంకటరాయప్పకు ఐదేళ్ళు.

"అందరూ కలిసే కదమ్మా ఎత్తింది! ఈయనకొక్కడికే ఎందుకు?" అని గీతాంజలిని అడిగింది పద్మావతి.

"మనుషుల్ని కూడగట్టి నడిపించినవాడికి ఎక్కువ వేస్తారక్కా. ఎవరూ ఆయన మాట దాటరని మీరే చెప్పారని జడ్జిగారు తీర్పులో చదివారు."

"నేను... ఆయన మంచోడని కదా చెప్పింది" అంది పద్మావతి.

బయట వ్యాను దగ్గర కానిస్టేబులు వెంకటరాయప్ప చెయ్యి పట్టుకొని ఉన్నాడు. ఆరుగురూ కదలకుండా ఎదురుగా నిలబడ్డారు. అందరిలో చిన్నవాడు హనుమంతు గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ, మేము ఊరికి పోవాల్నా, ఈడే ఉండాల్నా?"

కానిస్టేబులు నవ్వాడు. "ఇంకా ఈయన్నే అడుగుతారేమప్పా!"

ఆ నవ్వు వినగానే పద్మావతి పరుగెత్తి పోయి హనుమంతు భుజం పట్టి తోసింది.

"ఆయన్ని అడగొద్దు! మీకు కాళ్ళు లేవేంరా? పోండి! ఎటన్నా పోండి!"

హనుమంతు తూలి నిలదొక్కుకున్నాడు. ఒక్కరూ కదల్లేదు. ఆరుగురూ మేస్త్రి ముఖం వైపే చూశారు.

వెంకటరాయప్ప భార్యను చూశాడు. తర్వాత వాళ్ళను చూశాడు.

"పోండ్రా" అన్నాడు.

ఆరుగురూ పోయారు.