పీచు కుక్కిన మోటారు సైకిలు

నేను కుర్రవాణ్ణిగా ఉన్న కాలంలో అలసటకి మందులుండేవి కావు. "కాళ్ళు పీకుతున్నాయండీ" అని ఎవరైనా అంటే "పీకుతాయండి మరి, కాళ్ళన్నాక" అని ఎదుటివాళ్ళు తేల్చేసేవారు. ఇప్పుడలా కాదు. నా మోకాళ్ళకి ఫొటోలు తీసి, వెలుగుకి ఎత్తి చూసి, లోపల గుజ్జు అరిగిందని చెప్పే డాక్టర్లున్నారు. ఎక్కడ అరిగిందో నన్నడిగితే ఫొటో అక్కర్లేకుండానే చెప్పేవాణ్ణి. ఉప్పలగుప్తం అవతల ఉన్న మా ఊరి నుంచి అంబాజీపేట దాకా, మళ్ళీ అంబాజీపేట నుంచి మా ఊరి దాకా, కాలవగట్టు పొడుగునా అరిగింది.

అంబాజీపేటలో ఒక ఎండుకొబ్బరి కొట్లో నేను గుమాస్తాని. కాయలు ఏరించడం, బస్తాలు కుట్టించడం, లారీ ఎక్కించడం నా పని. అదంతా నిలబడి చేసేదే. కూర్చోవడం ఒక్క సైకిలు మీదే, అది కూర్చోవడం కిందకి రాదు. పొద్దున్న వెళ్ళేటప్పుడు ఏదో ఒకలా వెళ్ళిపోయేవాణ్ణి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఓడలరేవు వైపు నుంచి సముద్రపు గాలి ముఖాన కొట్టేది. ఎంతసేపు తొక్కినా పక్కన ఇందాకటి కొబ్బరిచెట్టే ఉన్నట్టుండేది. ఇంటికొచ్చి పడితే తెల్లవారి లేవలేక, కొట్టుకి ఆలస్యమయ్యేది. మా షావుకారు మర్యాదస్థుడు. "ఆలస్యంగా వచ్చే గుమాస్తా కన్నా రాని గుమాస్తా నయమండి. ఇంకోసారి ఆలస్యమైతే తమరు రాకండి" అన్నాడు. (మా వైపు ఉద్యోగంలోంచి పీకేసేటప్పుడు కూడా అండీ అనే పీకుతారు.)

అంబాజీపేటలోనే గది తీసుకోవచ్చు కదా అని మీరడుగుతారు. ఇంట్లో మామ్మ ఉంది. మామ్మంటే మా నాన్నగారి తల్లి. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది ఆవిడే. నేను ఇంట్లో లేనిరోజు ఆవిడ పొయ్యి వెలిగించదు. "ఒక్కదానికి పొయ్యెందుకురా" అని ఇంత అటుకులు నానేసుకుని పడుకుంటుంది. పోనీ ఒక మోటారు బండి కొనుక్కోవచ్చు కదా అంటారు. అక్కడే వచ్చింది చిక్కు. నా చిన్నప్పుడు ఎవరో జాతకం చూసి "ఈ పిల్లాడికి చమురుబండి గండం ఉందమ్మా" అని చెప్పి, సంభావన పుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఎప్పటిదాకా ఉందో ఆయన చెప్పలేదు, మామ్మ అడగలేదు. బస్సు మాత్రం ఎక్కొచ్చునట. "అంతమందిలో గండం నిన్నెక్కడ వెతుక్కుంటుందిరా" అనేది. (ఆ బస్సుని వెతుక్కోవడం మా వల్ల కూడా అయ్యేది కాదు. దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది.) ఒకసారి అమలాపురం నుంచి స్నేహితుడి మోటారు సైకిలు వెనకాల ఎక్కి వచ్చాను. నాకన్నా ముందు ఆ కబురు ఇంటికి చేరింది. మామ్మ గోడవైపు తిరిగి పడుకుని మర్నాడు సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. బతిమాలీ బతిమాలీ, ఇంక జన్మలో ఎక్కనని ఒట్టేశాక ఇంత మజ్జిగ తాగింది.

అదండీ నా పరిస్థితి. తొక్కలేకపోతే ఉద్యోగం పోతుంది, మోటారెక్కితే మామ్మ అన్నం మానేస్తుంది.

ఈ బాధంతా విన్నవాడు మా స్పేర్పార్టు మావయ్య. వరసకి మేనమామ, వృత్తి చేలల్లో పంపుసెట్లు బాగుచెయ్యడం. ఆయన ఏ ఇంజను విప్పి బిగించినా చివర్న రెండో మూడో సామాన్లు మిగిలిపోయేవి. "కంపెనీవాడు ఎక్కువేసేడండి" అని రైతుకి చెప్పి జేబులో వేసుకునేవాడు. అందుకే ఆ పేరు. ఒకరోజు ఆయన షెడ్డు ముందు సైకిలు ఆపి కూలబడ్డాను.

"ఏరా అల్లుడూ, తోటకూర కాడలా వేలాడిపోతన్నావేంటి?"

"గాలి మావయ్యా. తొక్కలేకపోతున్నాను."

"తొక్కడమేంట్రా ఇంకా! నా దగ్గర పురుగుమందు కొట్టే మిషను ఇంజనుంది. నీ సైకిలుకి బిగించేస్తాను. కూర్చుంటే అదే పోద్ది."

"మామ్మకి తెలిస్తే అన్నం మానేస్తుంది మావయ్యా!"

"తెలిస్తే కదా? కనపడకూడదు, వినపడకూడదు. అంతేనా?"

"ఆయ్, అంతే."

"మరి దానికి అంత ఏడుపు మొహం దేనికిరా!"

ఇంజను వెనక చక్రం పక్కన బిగించాడు. (ఈసారి మిగిలిన సామాన్లు నాలుగు. అడగడానికి ధైర్యం చాలలేదు.) తాడు లాగి నడిపిస్తే చేలో కొంగలన్నీ లేచిపోయాయి. కాలవలో బట్టలుతుకుతున్నావిడ బట్ట వదిలేసి చెవులు మూసుకుంది. "ఇది వినపడకుండా ఉండాలంటే ఊరందరికీ చెవుల్లో దూది పెట్టాలి మావయ్యా" అన్నాను. "దూదెందుకురా, పీచుండగా" అన్నాడు. కోనసీమలో పుట్టినవాడికి ఎక్కడ ఏ కన్నం కనబడినా అందులో కొబ్బరి పీచు కుక్కబుద్ధవుతుంది. చూరు కారితే పీచు, తూము కారితే పీచు, అంట్లు తోమడానికి పీచు, పరుపులోకి పీచు. అందుకని మావయ్య ఒక పాలపొడి డబ్బా తెచ్చి, దానికి కన్నాలు పొడిచి, నిండా పీచు దట్టించి, పొగ వచ్చే గొట్టానికి తొడిగి తీగతో బిగించాడు. చిత్రంగా చప్పుడు సగానికి సగం పడిపోయింది. పాత మడ్గార్డు టకటక కొట్టుకుంటున్నట్టు వినబడేది, అంతే. అందులో తప్పేముందో అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు. మండే గొట్టానికి ఎండుపీచు కుక్కడం ప్రపంచంలో ఇంకెవరికీ తోచని ఆలోచన అని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఇంక కనపడకుండా చెయ్యడం. ఇంజను మీద ఒక గోనెసంచి వేలాడదీసి, దాని మూతి దగ్గర రెండు కొబ్బరికాయలు కనబడేలా పెట్టాడు. "మనూళ్ళో కొబ్బరికాయకేసి ఎవడు చూస్తాడ్రా!" అన్నాడు. అదీ నిజమే. వారాల తరబడి ఆ రెండు కాయలూ నాతో అంబాజీపేట వెళ్ళి వచ్చాయి, 'ఏంటండీ ఇవి' అని ఒక్కరూ అడగలేదు.

కానీ అలసట తగ్గిందనుకునేరు! తొక్కకుండా పోయే సైకిలు మీద కూర్చుని తొక్కుతున్నట్టు నటించడం తొక్కడం కన్నా కష్టం. మనిషి ఎదురైతే చాలు, పెడల్సు తిప్పాలి, ముందుకి వంగాలి, రొప్పాలి. చప్పుడేంటంటే మడ్గార్డు వదులైందండీ అనాలి. పెట్రోలు వాసనేంటంటే కొట్లో నూనె వాసనండీ అనాలి. మా ఊరి లాకుల ముందు ఇంజను ఆపి, కాలవలోకి దిగి ముఖానికీ చొక్కాకీ నీళ్ళు రాసుకుని, చెమటలు కక్కుతున్నవాడిలా ఇంటికి చేరాలి. రాత్రి మంచం మీద వాలితే కాళ్ళు బాగానే ఉండేవి, మిగతా మనిషినంతా ఎవరో పిండి ఆరేసినట్టుండేది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు సున్నుండలతో వచ్చింది. నేను రోజూ చితికిపోయి వస్తున్నానని మామ్మ సరిగ్గా ఆ రోజుల్లోనే మినుములు వేయించి, తిరగల్లో విసిరి, బెల్లం వేసి, నెయ్యి పోసి సున్నుండలు చుట్టడం మొదలుపెట్టింది. ఒకనాడు దీపాలు పెట్టకముందే నేను గుమ్మంలో దిగేసరికి ఆవిడ నిర్ఘాంతపోయింది.

"ఇంత పెందరాళే వచ్చేసేవేంట్రా నాన్నా?"

"గాలి తగ్గింది మామ్మా."

"గాలి తగ్గడమేంటి, పెరట్లో అరటాకులు చీలికలైపోతంటేనీ! నీకు తెలీదురా. సున్నుండలు ఒంటబట్టేయి."

ఆవిడ ముఖం చూసి కాదనలేకపోయాను. డెబ్బై దాటిన మనిషి, అంత సంబరంగా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది. అప్పటినుంచి పొద్దున్న రెండు, సాయంత్రం రెండు, కొట్లో తినడానికి డబ్బాలో నాలుగు. ఇంజను లాగుతోంది, నేను తింటున్నాను. పొట్ట వచ్చింది. పంట్లాము బొత్తాం పట్టడం మానేసింది. "తొక్కేవాళ్ళు తగ్గుతారండి. తమరేంటో..." అని షావుకారు మాట మింగేశాడు. ఇంజను దాచడానికి గోనెసంచి దొరికింది గాని పొట్ట దాచడానికి ఏమీ దొరకలేదు. మామ్మకి మాత్రం ఆ పొట్ట కూడా బలంలాగే కనబడింది. వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది. "మా వాడండి, అంబాజీపేట నించి అరగడియలో వచ్చేస్తన్నాడు. అంతా మినప్పిండి మహిమ."

పక్కింటి పిన్నిగారికి ఆశ పుట్టింది. ఆవిడ కొడుకు అమలాపురం కాలేజీకి సైకిలు మీద వెళ్ళి, వాడిన ముఖంతో వచ్చేవాడు. "మా వాడిక్కూడా చుట్టి పెట్టండి మామ్మగారూ" అని అడిగింది. మామ్మ చుట్టి పెట్టడమే కాదు, "దాని గుణం నీ కళ్ళతో చూద్దువుగాని రా" అని ఆవిణ్ణి వెంటబెట్టుకుని, సున్నుండల డబ్బాతో సహా సాయంత్రం లాకుల దగ్గరికి నాకెదురొచ్చి నిలబడింది. నాకేం తెలుసు? నేను మలుపు తిరిగేసరికి లాకుల గోడ పక్కన మామ్మ తెల్లచీర కనబడింది. ఇంజను ఆపాలంటే సంచిలో చెయ్యి పెట్టాలి. చెయ్యి పెడితే చూస్తుంది. సరే, నాలుగు రెట్లు జోరుగా తొక్కుతున్నట్టు నటిద్దామని పెడల్సు చక్రంలా తిప్పేశాను.

"అదిగో చూడమ్మా! ఆ జోరు చూడు!" అంటోంది మామ్మ.

"పొగొస్తోందేంటండీ మామ్మగారూ?" అంది పిన్నిగారు.

"దుమ్మే అది. వేగానికి."

దుమ్ము కాదు. ఇన్నాళ్ళూ లోపల్లోపల మాడుతున్న పీచు ఆ పూట అంటుకుంది. డబ్బాలోంచి గోనెకి పాకింది. నా పిక్కకి సెగ తగిలి వెనక్కి చూసేసరికి సంచి భగ్గుమంది. "బాబోయ్, నా బిడ్డ! నిప్పు!" అని మామ్మ కేక పెట్టింది. బ్రేకు వెయ్యడం మర్చిపోయి, సైకిలుతో సహా నేను గట్టు దిగి కాలవలో పడ్డాను. చుయ్‌మని పెద్ద చప్పుడు, దాని తరవాత అంతా నిశ్శబ్దం. లేచి నిలబడితే నీళ్ళు మొల్లోతు. నాతో అన్నాళ్ళు తిరిగిన రెండు కొబ్బరికాయలూ తేలుతూ కిందికి పోతున్నాయి. సంచి కాలిపోయి, ఇంజను నల్లగా బయటపడి ఉంది.

మామ్మ గట్టు మీద నిలబడి దాన్ని చూసింది. తరవాత నన్ను చూసింది.

"మోటారా?"

"ఆయ్."

"ఎన్నాళ్ళ నించీ?"

"దాళ్వా పంట నాట్లప్పట్నించీ మామ్మా."

ఇంక అయిపోయింది, గోడవైపు తిరిగి పడుకుంటుంది అనుకున్నాను. గండం సంగతి ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. చేతిలో డబ్బాకేసి చూసుకుంది.

"అయితే... సున్నుండలు కాదన్నమాట."

అంతే అంది. నాకు కాలవలోంచి పైకి రాబుద్ధి కాలేదు. పిన్నిగారు మంచిమనిషి. "పోన్లెండి మామ్మగారూ, రుచికైనా తింటాడు మావాడు" అని డబ్బా అందుకుంది.

మర్నాడు మామ్మ మామూలుగా అన్నం తింది. నాక్కూడా పెట్టింది. "నిప్పూ నీళ్ళూ రెండూ దాటి బయటపడ్డావు. గండం గట్టెక్కేసింది. ఇంక నీ ఇష్టం, ఏ బండి కావాలంటే అదెక్కు" అంది. అన్నాళ్ళూ నేను కోరుకున్న మాట అదే. కానీ వంటింట్లో సున్నుండల డబ్బా బోర్లించి ఉంది. వారం గడిచినా దాన్ని ఎవరూ తిరగెయ్యలేదు. తిరగలి మీద గుడ్డ కప్పి ఉంది.

నేను ఇంజను తీసుకెళ్ళి మావయ్యకి ఇచ్చేశాను. ("తడిసినా పనికొస్తాదిరా" అని సంతోషంగా విప్పుకున్నాడు.) మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను. అదే గాలి, అదే కొబ్బరిచెట్టు. పెందరాళే పడుకుని చీకటితోనే లేవడం మాత్రం అలవాటు చేసుకున్నాను. ఒకరోజు ఏం పూనకం వచ్చిందో, అంబాజీపేటలో బయల్దేరినవాణ్ణి ఎక్కడా కాలు కింద పెట్టకుండా పళ్ళు బిగబట్టి తొక్కి, మామ్మ దీపం వెలిగిస్తుండగా గుమ్మంలో పడ్డాను. చెమట కళ్ళల్లోకి కారుతోంది.

"మామ్మా, సున్నుండల్లేవా? అవి లేకపోతే కాళ్ళు ఆడట్లేదు."

మామ్మ దగ్గరికొచ్చింది. నా చొక్కా వాసన చూసింది. వీధిలోకి వెళ్ళి సైకిలు చుట్టూ తిరిగి, వెనక చక్రం పక్కన చెయ్యి పెట్టి తడిమింది. లోపలికొచ్చి తిరగలి మీద గుడ్డ తీసేసింది.

మొన్న మా మనవరాలు కొత్త బండి కొనుక్కుంది. బ్యాటరీదట. చప్పుడుండదు, పొగుండదు, పక్కనే వచ్చి ఆగినా తెలియదు. "వీధిలో ఎవరికీ వినపడట్లేదు తాతగారూ, అందరూ అడ్డొస్తున్నారు. దీనికి చప్పుడు పెట్టించాలి" అంటోంది. నాకు నవ్వొచ్చింది. పాలపొడి డబ్బా, పీచు, గోనెసంచి, కాలవ నీళ్ళతో చెమట పెట్టుకున్న ఆ పొట్ట కుర్రాడు ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాడు. "ఎక్కండి తాతగారూ, అలా తిరిగొద్దాం" అని చెయ్యి పట్టుకుంది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా ఎక్కాను. కాలవగట్టు మీదకి వచ్చేసరికి సముద్రపు గాలి అలాగే ముఖాన కొట్టింది, నా కాళ్ళు వాటంతట అవే కదిలాయి.

"ఏంటి తాతగారూ, కాళ్ళాడిస్తున్నారు?" అంది.

"తొక్కుతున్నానమ్మా" అన్నాను.