కొండ లేని చోట కొండ సైకిలు

మా అమ్మాయి చదివే ప్రైవేటు స్కూల్లో ఈ ఏడాది మౌంటెన్ బైకింగ్ పోటీలకు పిల్లల్ని తయారు చేస్తున్నారు. కోనసీమలో కొండెక్కడుంది? అందుకని ఏటిగట్టు మీంచి గోదావరి వైపుకు సైకిళ్ళు దింపుతున్నారు. ఈ సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను. కింద నీళ్ళ అంచున డ్రిల్లు మాస్టారు ఒక్కరే కాపలా ఉన్నారు.

"మీకు ఈతొచ్చాండీ?" అని గట్టు మీంచే అడిగాను.

"రాదండీ. బ్రేకులు మాత్రం కొత్తవేనండీ, ఆయ్!" అన్నారు.

ఆపమని అరిచేలోపే మా అమ్మాయి దిగిపోయింది. ముందు చక్రం నీళ్ళలో తడిశాకే ఆగింది. "నాన్నా, వీడియో తీసేవా?" అని కింద నుంచి కేకేసింది.

తీశాను. అందులో మొదటి నుంచీ నా చెప్పులే ఉన్నాయి, అవీ వణుకుతూ. రేపు మళ్ళీ తియ్యాలట. మీలో ధైర్యస్థులెవరైనా వస్తారా? ఫోను మీరు పట్టుకోండి, కళ్ళు నేను మూసుకుంటాను.