నెట్‌లోంచి బాల్ తీసే అంకుల్

అమెరికాలో, షికాగో పక్కనున్న నేపర్‌విల్ పార్కులో ప్రతి ఆదివారం మేం ఆడే ఫుట్‌బాల్‌లో నేను గోల్‌కీపర్ని. నా మీద అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది అరవై దాటిన ఒక అంకుల్. కుర్రతనంలో హైదరాబాద్ లీగ్‌లో ఒక్క సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన రికార్డు ఆయనదే. మా టెకీలు గోల్ కొడితే చొక్కాలు విప్పి పరుగెత్తేవారు. ఆయన మాత్రం నెట్ దాకా వచ్చి, వంగి బాల్ తీసి, ప్యాంటుకు తుడిచి నా చేతికిచ్చేవారు.

"నేను తీసుకుంటాగా అంకుల్!"

"గోల్ పడ్డంక నువ్వు వంగి తీస్తుంటే అందరు నిన్నే చూస్తరు బేటా. ఆ పని నాది."

ఒక ఆదివారం హైదరాబాద్ ఫ్రెండ్ నుంచి నాకు మెయిల్ వచ్చింది. అంకుల్ రికార్డును ఎవరో కుర్రాడు బద్దలుకొట్టాడట. ఎవరు చెప్పాలని మేమంతా తర్జనభర్జన పడి, ఆట అయ్యాక చివరికి నేనే నసుగుతూ చెప్పాను. ఆయన సమోసా నమలడం ఆపలేదు.

"శానా మంచిగైంది. రికార్డు గోల్ ఎట్ల కొట్టిండట?"

"హెడర్ అంకుల్, తలతో. గ్రౌండంతా ఒకటే ఈలలట."

ఆయన మూతి తుడుచుకుని, "మరి బాల్ ఎవరు తీసిచ్చిన్రు?" అన్నారు.

అంత పొడుగు మెయిల్‌లో ఆ ఒక్క సంగతీ లేదు.