నా నడుము కొలత

వుడ్‌ల్యాండ్స్‌లో నేను అద్దెకున్న గది కిటికీలోంచి సరిహద్దు వంతెన దాటి జొహోర్ వెళ్ళే బస్సులు కనిపించేవి. ఐటీ బూమ్ రోజులు. కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని మీద మమ్మల్ని విమానాల్లో నింపి తెచ్చేవాళ్ళు. ఆఫీసులో పక్క సీటతనితో కూడా మెయిల్లోనే మాట్లాడేవాణ్ణి. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ తిన్నావా అనేది, తిన్నాననేవాణ్ణి. అంతకంటే చెప్పడానికేమీ ఉండేది కాదు. వచ్చిన ఎనిమిది నెలల్లో నన్నెవరూ ముట్టుకోలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మంగలి కూడా మెషీన్‌తోనే పని కానిచ్చేవాడు.

ఇంటాయన మలయ్ పెద్దాయన, భార్య పోయింది. నేను పాక్చిక్ అనేవాణ్ణి, వాళ్ళ భాషలో అంకుల్ అని. ఆయన నన్ను తంబీ అనేవాడు. నేను తెలుగువాణ్ణని ఎంత మొత్తుకున్నా మన వైపు కుర్రాళ్ళంతా ఆయనకి తంబీలే. మాట చివర ఊరికే ఓ లా తగిలించడం అక్కడి అలవాటు. ఒక్కడే కొడుకు, ఓడలో ఇంజినీరు. పెళ్ళి కుదిరింది, కానీ ఓడ దిగేది పెళ్ళికి రెండు రోజుల ముందే.

మలయ్ పెళ్ళికొడుకు ఆ ఒక్కరోజుకీ రాజు. నడుము నుంచి మోకాళ్ళ దాకా జరీ గుడ్డ చుట్టి, దాని మీద పట్టీ వేసి, ముందు పెద్ద వెండి బిళ్ళతో బిగిస్తారు. ఎడమవైపు క్రిస్ అనే వంకీల బాకుని ఒరతో సహా దోపుతారు. పాక్చిక్ దగ్గరున్న బిళ్ళ వాళ్ళ తాతగారిది. అరచేయంత ఉంటుంది, మీదంతా తీగలూ పువ్వులూ. పాక్చిక్ పెళ్ళిలో పట్టీ వదులై క్రిస్ అందరి ముందూ జారిందట. వాళ్ళ నాన్న ఆ మాట చచ్చేదాకా ఎత్తిపొడిచాడట. కొడుక్కి ఆ తలవంపులు రాకూడదనేది ఒక్కటే ఆయన కోరిక. కానీ వేళ్ళు బిరుసెక్కాయి, కట్టడం మళ్ళీ అలవాటు చేసుకోవాలి. ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, మా వాడిదీ నీదీ ఒకే నడుము, ఆదివారం పదింటికి వచ్చి నిలబడతావా అని అడిగాడు.

నిలబడ్డాను. మొదట్లో క్రిస్ ఇవ్వలేదు, దాని బదులు అన్నం గరిటె దోపాడు. మా ఇళ్ళలో వడ్డాణం ఆడవాళ్ళ సొమ్ము. హాల్లో అద్దం ముందు వడ్డాణంతో, గరిటెతో నన్ను నేను చూసుకుని, అమ్మ చూస్తే ఏమంటుందో అనుకుని నవ్వాపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు. నా చేతులు పక్కకి జరిపి, భుజాలు సరిచేసి, నా చుట్టూ తిరుగుతూ గుడ్డ మడతలు దిద్దేవాడు. పట్టీ బిగించేటప్పుడు ఊపిరి తీసుకోమని వీపు మీద తట్టేవాడు. ఆ తట్టు కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి. మూడో ఆదివారానికి పట్టీని నా కొలతకి కత్తిరించి కుట్టాడు. ఐదో ఆదివారం అసలు క్రిస్ తీసి, ఊరికే ఒరలోంచి లాగకూడదని చెప్పి, దోపాడు. అది పొట్టకి చల్లగా తగిలింది.

తర్వాతి గురువారం సాయంత్రం ఆయన మసీదుకెళ్ళినప్పుడు ఫోన్ మోగింది. కొడుకు, ఏదో రేవు నుంచి. ఓడ మీద తిండికి ఒళ్ళొచ్చిందనీ, నడుము మూడంగుళాలు పెరిగిందనీ, పట్టీ పొడుగు చేయమని నాన్నతో చెప్పమనీ అన్నాడు. సరేనని కాగితం మీద రాశాను. రాసి, మడిచి, జేబులో పెట్టుకున్నాను. చెబితే నా నడుముతో ఆయనకింకేం పని? రేపు చెబుదాం అనుకున్నాను. ఆదివారం పదింటికి స్నానం చేసి తయారుగా నిలబడ్డాను. ఆ తర్వాత ఇంకో మూడు ఆదివారాలు కూడా. కాగితాన్ని చొక్కాతో పాటు నానబెట్టి ఉతికేశాను. ఒంటరితనం మనిషిని మంచివాణ్ణి చేస్తుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పెళ్ళినాడు పొద్దున పాక్చిక్ నన్ను కూడా లోపలికి పిలిచాడు. కొడుకు నిజంగానే లావయ్యాడు. మా అపార్ట్‌మెంటు కింది హాల్లో డప్పులు మొదలయ్యాయి. ఆయన జరీ గుడ్డ చుట్టాడు, మడతలు దిద్దాడు. పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడే చెప్పేద్దామనుకుని ఒకడుగు ముందుకేశాను. ఆయన కొడుకు వీపు మీద తట్టాడు, వాడు ఊపిరి పీల్చాడు, బిళ్ళ టక్కున పడింది. ఎక్కడా వదులు లేదు, బిగుతూ లేదు. క్రిస్ దోపితే కదల్లేదు. చూస్తే అది వేరే పట్టీ. గుడ్డ కొత్తది, బిళ్ళ మాత్రం అదే.

పెళ్ళి భోజనంలో చుట్టాలందరి మధ్యా పాక్చిక్ నన్ను పిలిచి మాంసం వడ్డించి వెళ్ళాడు. నాలుగు రోజులు ఆయన కంటపడకుండా తిరిగాను. కొత్త జంట అత్తారింటి నుంచి వెనక్కి వచ్చాక నా గది వాళ్ళకి కావాలి, అది ముందే అనుకున్నదే. క్లెమెంటిలో ఇంకో గది చూసుకున్నాను.

పెళ్ళి తర్వాతి ఆదివారం అలవాటు కొద్దీ తెల్లారే స్నానం చేసి, పదింటికి హాల్లోకి వచ్చి నిలబడి, నిలబడ్డానని తెలిసి తల కొట్టేసినట్టయింది. పాక్చిక్ సోఫాలో ఉన్నాడు. ఇక ఆగలేక ఫోన్ సంగతంతా చెప్పేశాను.

"తెలుసు. మరుసటి వారమే వాడు మళ్ళీ ఫోన్ చేశాడు, తంబీ చెప్పాడా అని," అన్నాడు. "మరిచిపోయావనుకున్నా. ఆదివారం చూస్తే తల దువ్వుకుని నిలబడి ఉన్నావు. అప్పుడర్థమయింది లా."

మరి ఆ ఆదివారాలన్నీ ఎందుకు కట్టారని అడిగాను.

"నువ్వు నిలబడ్డావుగా," అన్నాడు.

లోపలికెళ్ళి పాత పట్టీ తెచ్చాడు. బిళ్ళ లేదు, గుడ్డ మాత్రమే. నా చేతులు పక్కకి జరిపి, భుజాలు సరిచేసి, వీపు మీద తట్టాడు. ఊపిరి పీల్చాను. పట్టీ నా నడుము చుట్టూ తిప్పి, బిళ్ళ ఉండాల్సిన చోట రెండు కొసలూ వేళ్ళతో కలిపి పట్టుకుని, కాసేపు అలాగే ఉన్నాడు.

ఆ పట్టీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఒక్కణ్ణే కట్టుకోవడం రాదు.