ఎర్ర ఫోనుకీ పచ్చ ఫోనుకీ నడుమ

దుఆలే ఎడమచేత్తో ఉలి పట్టుకుని, ఒళ్ళో పెట్టుకున్న పలకలో గుంట తొలుస్తున్నాడు. టెలిఫోను రిసీవరు చెవివైపు భాగం అందులో సరిగ్గా దిగాలి. వదులైతే మాట పక్కనుంచి పోతుంది. మరీ బిగిస్తే కంగారులో దిగదు. దింపి చూడడం, తీసి ఇంకాస్త గీకడం, మళ్ళీ దింపడం. పొద్దుటి నుంచి ఇదే పని.

“ఏంటన్నా అది, మేకలకి నీళ్ళ తొట్టా?” అంది సాఫీ. ఆమె దుఆలే కొట్టు అరుగు మీదే ఫ్లాస్కులు పెట్టుకుని టీ అమ్ముతుంది. నోరు ఊరుకోదు.

“నీ నోటికి మూత చేస్తున్నా.”

“అంత చిన్న పలకతోనా? ఇంకోటి తెచ్చుకో.”

హర్గైసా ఊళ్ళో మారుపేరు లేని మనిషి ఉండడు. దుఆలేని అందరూ ఎడంచెయ్యి అంటారు. యుద్ధానికి ముందు సర్కారు టెలిఫోన్ల కోసం స్తంభాలెక్కేవాడు. బడి మొహం చూడలేదు. విప్పి చూసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నదే అతని చదువు. యుద్ధంలో రాగితీగలన్నీ దొంగలు లాక్కుపోయారు. ఆ తర్వాత షావుకార్లు దిగి తలో కంపెనీ పెట్టారు. ఒకరివి ఎర్ర పెట్టెలు, ఇంకొకరివి పచ్చ పెట్టెలు. ఒకే వీధికి రెండు వరసల స్తంభాలు, రెండు వరసల తీగలు. ఎర్ర ఫోను నుంచి పచ్చ ఫోనుకి మాట వెళ్ళదు. వెళ్ళలేక కాదు, వెళ్ళనివ్వరు.

ఉన్నవాడు బల్ల మీద రెండు ఫోన్లూ పెట్టుకున్నాడు. లేనివాడికి దుఆలే కొట్టే దిక్కయింది. అక్కడా రెండు ఫోన్లున్నాయి. ఒక చెవికి ఎర్రది, ఇంకో చెవికి పచ్చది ఆనించుకుని అటు మాట ఇటూ, ఇటు మాట అటూ అందించేవాడు. ఒంటెల బేరాలు, పెళ్ళి మాటలు, చావు కబుర్లు అన్నీ అతని నోటి మీదుగానే వెళ్ళేవి. వాటికి అతనెప్పుడూ బాధపడలేదు.

బాధ పోయిన వానాకాలంలో వచ్చింది.

ఊరి చివర, వాగు దాటాక, చిన్న ప్రసూతి కేంద్రం ఉంది. అక్కడ కాన్పులు చేసేది హోదన్ అనే కుర్ర మంత్రసాని. ఆ వైపుకి పచ్చ కంపెనీ తీగలే వెళ్ళాయి. పెద్దాసుపత్రిలో కాన్పుల డాక్టరు అస్లీ దగ్గర ఉన్నది ఎర్ర ఫోను ఒక్కటే. ఒక మధ్యాహ్నం హోదన్ దుఆలే కొట్టులో పచ్చ ఫోనుకి చేసింది.

“బాబాయ్, డాక్టరమ్మకి చెప్పు. ఇక్కడ ఒకామెకి బాగాలేదు.”

“ఎలా బాగాలేదమ్మా?”

“బాగాలేదంతే బాబాయ్.”

ఎర్ర ఫోనులో డాక్టరు అడగాల్సినవే అడిగింది. బిడ్డ ఎటు తిరిగి ఉంది, నీరు ఏ రంగులో పోయింది, రక్తం ఎంత పోతోంది. కొట్టు నిండా టీ తాగుతున్న మగవాళ్ళు. ఆ ప్రశ్నల్ని దుఆలే పచ్చ ఫోనులో అడగలేకపోయాడు. తండ్రి వయసు మగవాడి చెవిలో పరాయి ఆడమనిషి ఒంటి సంగతి ఏ పిల్ల చెబుతుంది? ఏ మగవాడు నోరు తెరిచి అడుగుతాడు?

చివరికి గోడకేసి తిరిగి, “రక్తం ఏమైనా ఉందా అంటున్నారు” అన్నాడు.

“కొంచెం” అంది హోదన్.

కొంచెం కాదు. కానీ ఎర్ర ఫోనులోకి వెళ్ళింది ఆ కొంచెమే. ఆసుపత్రి బండి ఆలస్యంగా బయలుదేరింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

హోదన్ సిగ్గే కొంప ముంచిందన్నారు టీ తాగేవాళ్ళు. వింటుంటే దుఆలేకి ఒళ్ళు మండిపోయేది. ఆ పిల్ల సిగ్గుపడితే తప్పా? ఆ సిగ్గు ఆమెకి తల్లి నేర్పింది, ఊరు మెచ్చుకుంది. ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకోవాల్సిన చోట మగవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టినవాళ్ళకి లేదేం సిగ్గు?

ఎర్ర కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళి, తీగలెందుకు కలపరని అడిగాడు. “మా తీగ మీద వాళ్ళ మాట మోస్తే మోతకూలి ఇవ్వొద్దా? వాళ్ళివ్వరట, మేం మోయం” అన్నాడాయన. పచ్చ కంపెనీ మేనేజరు, “వాళ్ళడిగే కూలికి మేం కొత్త ఊరు కట్టుకోవచ్చు” అన్నాడు. మంత్రిగారి కచేరీ కూలి ఇంత అని ఒక రేటు రాసి ఇద్దరికీ పంపింది. ఇద్దరూ చదువుకుని నవ్వుకున్నారు. రాయడానికి చెయ్యి ఉంది గానీ, రాసింది చేయించడానికి ఆ కచేరీకి చెయ్యి లేదు. ఎర్ర కంపెనీ అసలు సంగతి వేరు. దాని ఫోన్లున్న జనం ఎక్కువ. తీగలు కలిస్తే పచ్చ ఫోనున్నవాడు ఎర్రది కొనే అవసరమే ఉండదు. మోతకూలి మాట దానికి అడ్డుగోడ.

తర్వాత ఈ తగువు తీర్చడానికి ఊరి పెద్దలు కూర్చున్నారు. మేకమాంసం ఉడికింది, ఒంటెపాలు తిరిగాయి. ఒక్కో పెద్దాయన లేచి తాతల కాలం నుంచి ఎత్తుకుని ఎంత అందంగా మాట్లాడాడని! వింటున్నవాళ్ళు తలలూపారు. అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఒక్క తీగ కలవలేదు.

“నా కొట్టులో రెండు తీగలూ పక్కపక్కనే ఉన్నాయి. నన్ను కలపనివ్వండి, ఆ ప్రసూతి కేంద్రం ఒక్కదానికే” అని వెళ్ళి బతిమాలాడు. “తీగ ముట్టుకుంటే తీగే ఊడబెరుకుతాం” అన్నారు ఎర్ర కంపెనీవాళ్ళు.

తీగ వాళ్ళది. పలక మాత్రం దుఆలేది. తీగల్ని ముట్టుకోకుండా రెండు రిసీవర్లనీ తలకిందులుగా ఎదురెదురు పడుకోబెట్టి, ఒకదాని చెవికి ఇంకోదాని నోరు ఆనించే తొట్టె చెయ్యాలనుకున్నాడు. చెప్పినంత తేలిక కాదది. మొదటిది చేసి, అటో మనిషినీ ఇటో మనిషినీ మాట్లాడించమని సాఫీకి చెబితే రెండు ఫోన్లూ కలిసి ఒకటే కీచు కేక పెట్టాయి. ఈ చెవిలో మాట వెళ్ళి ఆ నోటిలో పడకుండా తొట్టె అంతా తిరుగుతోంది. పారేశాడు. రెండోదానికి రెండు కొసల మధ్య నిండుగా ఉన్ని కూరాడు. గుంటల అంచుకి పచ్చి గొర్రెతోలు అంటించి ఆరబెట్టాడు, రిసీవర్లు కదలకుండా పైన పట్టీ పెట్టాడు. కేక తగ్గింది గానీ పోలేదు. ఆ ఉన్నీ, తోలూ, పట్టీ పెట్టుకుని ఇప్పుడు తొలుస్తున్నది మూడోది.

ఈసారి తొందరుంది. ప్రసూతి కేంద్రంలో కడుపులో కవలలున్న మనిషి ఉందనీ, దగ్గర పడిందనీ హోదన్ నిన్ననే చెప్పింది. అదీ సగం మింగేసే చెప్పింది.

మధ్యాహ్నం ఎర్ర కంపెనీ తీగలు చూసుకునే వర్సమె వచ్చాడు. మనిషి పొడుగు, మారుపేరు నిచ్చెన. పూర్తయి బల్ల మీదున్న తొట్టెలోకి వంగి చూశాడు.

“ఏంటి ఎడంచెయ్యీ, మా రిసీవరుకీ వాళ్ళ రిసీవరుకీ పెళ్ళి చేస్తున్నావా?”

“నీకు పిలుపు లేదులే నిచ్చెనా.”

“మా మేనేజరు పెద్దాయన ఒప్పుకోడు. వాళ్ళ మాట మా తీగ మీద పోతుంది.”

“ఏ తీగ ముట్టుకున్నాను? చూపించు.”

వర్సమె తీగలు పొడుగునా వేలితో తడిమి చూశాడు. ఎక్కడా గీత కూడా లేదు. “అయినా సరే. నేను వెళ్ళి చెప్తాను. రేపు రమ్మంటే కత్తెరతో వస్తా.”

“వద్దువుగానిలే. ముందు టీ తాగు” అంది సాఫీ. “కత్తెర పట్టుకోడానికి బలం ఉండాలిగా.”

అతను అరుగు మీద కూర్చుని ఇంకా గ్లాసు ఖాళీ చెయ్యకముందే పచ్చ ఫోను మోగింది. హోదన్.

“బాబాయ్... డాక్టరమ్మని...”

“చెప్పొద్దమ్మా. నాకేం చెప్పొద్దు. అలాగే ఉండు.” దుఆలే ఎడమచేత్తో ఎర్ర ఫోను తిప్పుతూ కేక వేశాడు. “సాఫీ, ఇలా రా! ఇది ఈ గుంటలో, అది ఆ గుంటలో. పట్టీ ఇలా లాగు. గట్టిగా. ఆసుపత్రి వాళ్ళు పలికితే డాక్టరమ్మని అడిగి, అప్పుడు దింపు.”

“నేనా?”

“నువ్వే. ఆడదానివి నువ్వే ఉన్నావు.”

కొట్టులో ఉన్న మగవాళ్ళందరినీ బయటికి తోశాడు. తనూ వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. కేక వస్తుందేమోనని చెవి రిక్కించాడు. లోపల పట్టీ బిగించిన చప్పుడు. తర్వాత కీచుకేక లేదు. సన్నగా, తుమ్మెద ఝుమ్మన్నట్టు, రెండు గొంతులు.

వర్సమె లేచి నిలబడ్డాడు. “తలుపు తియ్యి. మా ఫోను ఎలా వాడుతున్నావో నేను చూడాలి.”

“లోపల ఇద్దరాడవాళ్ళు కాన్పు సంగతి మాట్లాడుకుంటున్నారు. వెళ్తావా? వెళ్ళి విను. విని వచ్చి, ఏం విన్నావో మీ పెద్దాయనకి చెప్పు. మీ అమ్మకీ చెప్పు.”

నిచ్చెన అడుగు ముందుకు పడలేదు. చుట్టూ ఉన్న మగవాళ్ళు నేల చూస్తున్నారు. అతను మళ్ళీ కూర్చుని గ్లాసులో మిగిలిన టీ తాగాడు. దుఆలేకి జాలి వెయ్యలేదు. బిడ్డ పోయిన రోజు తన గొంతుకి అడ్డం పడ్డదే ఇప్పుడు వీడి కాళ్ళకి అడ్డం పడింది. కంపెనీ అంటే ఇంతేనా, ఒక చెక్కతొట్టెకి జంకేంత? ఇంత చిన్నదానికి ఒక బిడ్డ పోవాలా? మనసులో తిట్టుకుంటూ అరుగు మీద పడ్డ చెక్కపొట్టు కాలితో ఊడ్చాడు.

తలుపు తీసుకుని సాఫీ వచ్చింది. నోటి గడుసుతనం ఎక్కడో పోయింది.

“బండి బయలుదేరింది. దారిలో ఏం చెయ్యాలో డాక్టరమ్మ ఆ పిల్లకి ఒక్కొక్కటే చెప్పింది. ఆ పిల్ల అన్నీ చెప్పిందన్నా. అన్నీ.”

“ఏం చెప్పిందో నాకొద్దు. పట్టీ జారిందా?”

“లేదు.”

“ఎడం గుంటలో తోలు?”

“ఊడలేదు.”

దుఆలే లోపలికి వెళ్ళి, బల్ల మీది ఉలీ సుత్తీ ఏరి గుడ్డలో చుట్టుకున్నాడు. తన పీట తెచ్చి ఫ్లాస్కుల పక్కన వేసుకున్నాడు. బల్లా, రెండు ఫోన్లూ, తొట్టే సాఫీకి వదిలేశాడు.

“ఆ బల్ల ఇకనుంచి నీది. టీ నేను పోస్తా” అన్నాడు.