అక్క తలలోని నీటి తిత్తి

శ్రావణ మాసం, బుధవారం. నల్లగొండలో డాక్టరు గదిలో ఉన్నవాళ్లం: మా అక్క, అక్క కూతురు, నేను, డాక్టరు.

అక్కకు రెండేళ్ల కింద ముక్కులోంచి ఆపరేషన్ చేశారు. మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది. అక్కడ నీటి తిత్తి పెరిగి కంటి నరాన్ని నొక్కింది. ఆపరేషన్ అయ్యాక ఈ డాక్టరే బయటికి వచ్చి, "సాఫ్ చేసినం, క్యాన్సర్ కాదు" అన్నాడు. ఆ మాటలే డైరీలో రాసుకున్నాను. ఇక రాదనే అనుకున్నాం.

ఇప్పుడు స్కానులో తిత్తి మళ్లీ నిండింది. ఇదీ క్యాన్సర్ కాదు. కానీ తీయకపోతే ఇప్పటికే తగ్గిన పక్కచూపు పూర్తిగా పోవచ్చునట. క్యాన్సర్ కానిది ఎట్లా తిరిగి వస్తుందని మళ్లీ మళ్లీ అడిగాను. ఆయన ఓపికగానే చెప్పాడు. నీళ్లు తోడేసినా తిత్తి పొర కొంత మిగులుతుంది, దాంట్లోంచి మళ్లీ నీరు ఊరుతుంది. విన్నాను గానీ, మరి సాఫ్ చేసింది దేన్నో నాకు అర్థం కాలేదు.

కట్టంగూర్ బస్సెక్కి ఇంటికి బయల్దేరాం. ఇంటికొచ్చాక కూతురు ఆపరేషన్ సంగతి ఎత్తితే అక్క కసిరింది. తర్వాత తల మొత్తం తిప్పి నన్ను చూసింది. పక్కన కూర్చున్నవాళ్లు ఆమెకు సరిగా కనపడటం లేదు.

"నిజాం మీదికి మిలిట్రీ వచ్చినప్పుడు గూడ గీ మాటే అన్నరు తమ్మీ. రజాకార్లు పోయిండ్రు, ఊరు సాఫ్ అయిందని. నమ్మి, గుట్టల్ల దాక్కున్న బాపు ఇంటికొచ్చిండు. సంఘపోళ్ల కోసమని, గదే కమ్యూనిస్టుల కోసమని, మళ్ల మిలిట్రీ క్యాంపు పడ్డది, బాపును పట్టుకపోయిండ్రు. నువ్వప్పుడు సంకల పిల్లగానివి."

బాపును తీసుకుపోవడం నాకు గుర్తు లేదు. జైలు నుంచి వచ్చినప్పటి గడ్డమే గుర్తు.

"దానికీ దీనికీ ఏం సంబంధమే అక్కా?"

"నాకేమెరుక. సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."



మర్నాడు పొద్దున అక్క వాకిట్లో నిలబడి ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి ఎదురింటి గోడను చూసింది. ఏం కనపడుతోందని కూతురు అడిగితే, గోడ ఉందిగానీ దాని చివరలు లేవంది. తర్వాత నన్ను పిలిచింది.

"గా డాక్టరుకు ఫోన్ జేసి అడుగు. నీళ్లే తీస్తరా, తిత్తి గూడ తీస్తరా?"

అడిగాను. వీలైనంత తీస్తామనీ, నరానికి అంటుకున్న పొరను గీకలేమనీ, మళ్లీ రాదని మాట ఇవ్వలేననీ అన్నాడు. ఉన్నదున్నట్టు అక్కకు చెప్పాను.

"గీసారి నిజం జెప్పిండు" అని, దవాఖానకు తీసుకుపోవడానికి పెట్టెలోంచి రెండు చీరలు తీయమని కూతురికి చెప్పింది.