మునిరాజు పర్మిట్ బుక్కు

"అవ్వా, బుక్కు మీ దగ్గరే ఉండాది. ఇచ్చేయండి. రేపు పొద్దన్నే చూపించాల."

"నిన్ననే ఇచ్చినాను కదప్పా. సంచిలో వేసుకుంటివి."

"ఎప్పుడిచ్చినారు? సంచి రెండుతూర్లు దులిపినాను. వైరు ముక్కలు తప్ప ఏమీ లేవు."

"అయితే ఏ కాఫీ అంగట్లో మర్చిపోయినావో. నన్నడిగితే నాకేం తెలుసు?"

"నేను మర్చిపోయేది గొడుగవ్వా. బుక్కు కాదు. అది లేకుంటే నన్నెవరు పనికి పిలుస్తారు?"

"అంటే నేను దొంగనా? ఈ వయసులో నన్ను నడివాకిట్లో నిలబెట్టి అడుగుతావా?"

ఆ మాటకు మునిరాజు తల దించుకున్నాడు. గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు. ఆ బుక్కు అప్పుడు నా భుజానికి వేలాడుతున్న సంచిలోనే ఉంది.

ఇన్నేళ్లుగా ఈ సంగతిని మనసులో మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకొనే ప్రార్థన వచ్చినప్పుడల్లా అందరితో పాటు పెదవులు కదిపాను, దీని దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాను. ఇది చదువుతున్న నువ్వెవరో నాకు తెలియదు. తెలియదు కనుకనే నీతో చెప్పగలుగుతున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది, తప్పులుంటే సర్దుకొని చదువుకో.

వైట్‌ఫీల్డ్ వైపు కంప్యూటరు ఆఫీసులు వరసగా లేస్తున్న రోజులవి. బాడుగకు ఇద్దామని మా ఇంటి మీద రెండు గదులు వేయించాను. వైరింగుకు మనిషి కావాలి. అత్తిబెలె నుంచి వచ్చే మునిరాజును ఎవరో చెప్పారు. మా వాళ్ల లాగానే తెలుగు మాట్లాడేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చి, నేను అడగకముందే తన పర్మిట్ బుక్కు తీసి చూపించాడు. కరెంటు పని చేయడానికి సర్కారు ఇచ్చిన చిన్న పుస్తకం అది. లోపల ఫోటో, నంబరు, ముద్ర.

అడగకముందే కాగితం చూపించేవాణ్ణి నేను నమ్మను. ఫోటోలో మీసం లేదు, మనిషికి ఉంది. ముద్ర అలుక్కుపోయి ఉంది. పైగా ఆ రోజుల్లో ఊళ్లో ఒక పద్ధతి నడిచేది. పర్మిట్ ఒకడిది, పని చేసేది ఇంకొకడు. పర్మిట్ ఉన్నవాడు ఇంట్లో కూర్చొని సంతకం పెడతాడు. ఇతను కూడా అలాంటివాడేనని నా లెక్క. షాకు కొట్టకుండా ఎర్త్ తీగ పాతడానికి పెరట్లో గుంత తవ్వాలి, బొగ్గూ ఉప్పూ వేయాలి అన్నప్పుడు ఆ అనుమానం ఇంకా గట్టిపడింది. ఉప్పు పేరు చెప్పి నా డబ్బు మట్టిలో పోస్తాడనుకున్నాను.

నాకొక అలవాటుండేది. పనివాళ్లెవరైనా సరే, పని ముగిసేదాకా వాళ్ల వస్తువొకటి నా దగ్గర పెట్టుకునేదాన్ని. మేస్త్రీ తాపీ, సున్నం వేసేవాళ్ల నిచ్చెన. అట్లా చేస్తే మర్నాడు తప్పక వస్తారు. మునిరాజు దగ్గర బుక్కు అడిగాను. కొంచెం తటపటాయించి ఇచ్చాడు. ఆ తటపటాయింపు కూడా నాకు దొంగతనంగానే కనిపించింది.

ఊరుకున్నానా? కొళాయి దగ్గర చెప్పాను. చర్చి మెట్ల మీద చెప్పాను. దొంగ బుక్కు పెట్టుకొని తిరుగుతున్నాడు, ఇంట్లోకి రానివ్వద్దండి అన్నాను. మా వీధిలో అతనికి ఒప్పుకున్న పనులు రెండు ఆగిపోయాయి. నర్సుగా పనిచేసే మా కోడలు ఒక్కతే, తెలుసుకోకుండా అనకండత్తా అంది. సరే, తెలుసుకొనే వస్తానని మనసులో పంతం పట్టి, ఎవరికీ చెప్పకుండా ఆ బుక్కు పట్టుకొని బస్సెక్కి పర్మిట్లిచ్చే ఆఫీసుకు వెళ్లాను. అక్కడి కన్నడ గుమాస్తా పెద్ద రిజిస్టరు తీసి, నంబరు మీద వేలు పెట్టి చూశాడు. "అన్నీ సరిగ్గా ఉన్నాయి అజ్జీ. మొన్ననే రిన్యూవల్ కూడా అయింది. మంచి మనిషే దొరికాడు మీకు" అన్నాడు.

నాకు సంతోషం వేయాలి కదా? ఇల్లు భద్రంగా ఉంటుందని వేయాలి. వేయలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని నేను ఆలోచించిందల్లా, రేపు కొళాయి దగ్గర ఏమని చెప్పాలి, చర్చి మెట్ల మీద ఏ ముఖం పెట్టుకొని నిలబడాలి, కోడలు ఏమీ అనకుండా ఊరికే చూస్తుందే, ఆ చూపును ఎట్లా తట్టుకోవాలి అని. బుక్కు తిరిగి ఇస్తే అతను మంచివాడని తేలిపోతుంది, నేను అబద్ధమాడానని తేలిపోతుంది. బస్సు దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి మునిరాజు నిలబడి ఉన్నాడు. సర్జాపుర రోడ్డులో ఒక అపార్టుమెంటు కట్టేవాళ్లు మొత్తం వైరింగు అతనికే ఇస్తామన్నారట. పొద్దున్నే అసలు బుక్కు చూపించాలట, జెరాక్సు చెల్లదట. మొదట్లో రాసిన మాటలు అప్పుడు మేమిద్దరం అనుకున్నవే.

ఆ పని వేరేవాళ్లకు పోయింది. కొత్త బుక్కు రావాలంటే పోలీసులకు రాసివ్వాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. అంతలో మా వీధిలో నా మాటే నిజమైంది. బుక్కే లేదట చూడండి, నేను ముందే చెప్పలేదా అని నేనే అన్నాను. కొన్నాళ్లకు మునిరాజు ఎవరో కాంట్రాక్టరు వెనకాల వైరు చుట్ట భుజాన వేసుకొని పోతుంటే చూశాను. అతను నన్ను చూసి నమస్కారం పెట్టాడు. తర్వాత ఎక్కడున్నాడో తెలియదు. వెతికానా? లేదు.

వయసు మీదపడి భయపడి రాస్తున్నానా, నిజంగానే బాధపడి రాస్తున్నానా? అందరినీ అనుమానించినదాన్ని, నన్ను నేనెట్లా నమ్మేది? క్షమించమని నిన్ను అడగను, అది నీ చేతిలో లేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. అంతే.

ఇక ఒక్కటి మిగిలింది, ఆ మర్నాటి పొద్దున సంగతి. అందరికంటే ముందు లేచి, స్నానాల నీళ్ల పొయ్యి ముట్టించి, కొబ్బరి మట్టల కింద బుక్కు పెట్టాను. అట్ట మెల్లగా కాలింది. కోడలు లేచి నీళ్లు తోడుకుంటుండగా మునిరాజు వచ్చాడు. నిన్న గొంతు పెంచినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. తనే ఎక్కడో పడేసుకొని ఉంటాడట, ఒకసారి ఇక్కడ వెతుక్కుంటానన్నాడు. కాఫీ ఇచ్చాను. తాగి, గదులు కట్టగా మిగిలిన ఇసుక కుప్పలో చేతులు పెట్టి వెతికాడు. నేనూ చీర కొంగు దోపుకొని, పక్కన కూర్చొని అతనితో పాటు వెతికాను.